టెలివిజన్ హాస్య లఘునాటికల్లో ఎత్తుపల్లాలు: కూచిపూడి పగటివేషాల వెలుగులో 'జబర్దస్త్' - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

హాస్య కార్యక్రమంలోని ఒకే భాగంలో ఒక లఘునాటిక రక్తికట్టడానికి, దాని వెనువెంటనే వచ్చిన మరొకటి చప్పబడిపోవడానికి కారణాలేమిటన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. ఈటీవీలో ప్రసారమైన 'జబర్దస్త్' లఘునాటికల నిర్మాణాన్ని దిగువ కృష్ణా డెల్టాకు చెందిన పగటివేషం, భామాకలాపం సంప్రదాయాలతో పోల్చి, ఎత్తుపల్లాలను నిర్ణయించడానికి తగిన ప్రమాణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: హాస్యరసం, లఘునాటిక, జబర్దస్త్, పగటివేషం, పిట్టలదొర, స్త్రీవేషం, మాండలికం

1. ఉపోద్ఘాతం

తెలుగు టెలివిజన్ హాస్యంలో రెండు రూపాలు ప్రధానంగా కనిపిస్తాయి. మొదటిది ధారావాహిక రూపం. గుణ్ణం గంగరాజు రూపొందించిన 'అమృతం' (జెమిని టీవీ, 2001-2007) ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అమృతరావు పాత్రను వేర్వేరు కాలాల్లో శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ధరించారు. నటులు మారినా పాత్ర చెక్కుచెదరలేదు. రెండోది లఘునాటిక రూపం. మల్లెమాల సంస్థ నిర్మించగా 2013 ఫిబ్రవరి 7న ఈటీవీలో మొదలైన 'జబర్దస్త్' దీనికి వ్యాప్తి తెచ్చింది. గురువారం నాటి ఆ కార్యక్రమానికి 2014లో శుక్రవారం నాటి 'ఎక్స్‌ట్రా జబర్దస్త్' తోడయింది. ఇక్కడ పరిస్థితి 'అమృతం'కు పూర్తిగా తలకిందులు. పాత్రలు వారం వారం మారుతాయి, నటులు మాత్రం స్థిరంగా ఉంటారు. ఈ తలకిందుల లక్షణం నుంచే ఈ ప్రక్రియలోని బలమూ బలహీనతా రెండూ పుట్టాయి.

ఈ కార్యక్రమంపై వచ్చిన స్పందనలు చాలావరకు రెండు కొసల దగ్గరే ఆగిపోయాయి. అశ్లీలమని తోసిపుచ్చడం ఒకటి, ఎంతమంది చూశారో లెక్కచెప్పి సమర్థించడం మరొకటి. మొదటి స్పందనలో నైతికత ఉంది గాని విశ్లేషణ లేదు. రెండోదానిలో అంకెలున్నాయి గాని విలువ నిర్ణయం లేదు. చూసే ప్రేక్షకుడు మాత్రం ఈ రెండు మాటలకూ లొంగడు. ఒకే గంటలో ఒక బృందం రాగానే నిటారుగా కూర్చుంటాడు, మరొకటి రాగానే మంచినీళ్లకు లేస్తాడు. ఆ లేవడానికి, ఆ కూర్చోవడానికి మధ్య ఉన్న భేదమే విమర్శకు విషయం.

2. పదికి పది

విలువ నిర్ణయం చేసే ఏర్పాటు కార్యక్రమంలోనే ఉంది. ప్రతి లఘునాటిక తరువాత ఇద్దరు న్యాయనిర్ణేతలు పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు. తొలి సంవత్సరాల్లో నాగబాబు, రోజా ఆ స్థానాల్లో ఉన్నారు. నాగబాబు 2019లోను, మంత్రిపదవి చేపట్టిన రోజా 2022లోను కార్యక్రమం నుంచి వైదొలిగారు. అయితే ఈ మార్కులు విమర్శ కాదు, నాటకంలో భాగం. పోటీ ఉన్నదన్న భావన కలిగించి, ఒక బృందానికీ మరొక బృందానికీ మధ్య ఉన్న ఖాళీని నింపడం వాటి పని. మార్కులు పైమెట్టు దగ్గరే తిరుగుతున్నప్పుడు తొమ్మిదికీ పదికీ నడుమ ఉన్న తేడా ప్రేక్షకుడికి ఏమీ చెప్పదు.

మార్కుల కన్నా బలమైన తీర్పు న్యాయనిర్ణేతల నవ్వు. సంభాషణ ముగిసీ ముగియకముందే కెమెరా వారి ముఖాల వైపు తిరుగుతుంది. నవ్వుకు ఒక గుంపు కావాలని, ఒంటరి నవ్వు ఉండదని ఫ్రెంచి తత్త్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ 1900లో వెలువరించిన గ్రంథంలో ప్రతిపాదించాడు. అమెరికా టెలివిజన్ 1950ల నాటికే ఈ గుంపును యంత్రంతో సృష్టించుకుంది. ముద్రించిపెట్టుకున్న నవ్వులను సంభాషణల మధ్య అతికించింది. తెలుగు కార్యక్రమం ఆ యంత్రానికి పేరున్న ముఖాలను తగిలించింది. ఫలితంగా ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడు నటుడిని చూసి నవ్వుతున్నాడా, నవ్వుతున్నవారిని చూసి నవ్వుతున్నాడా అన్నది తేల్చడం కష్టమవుతుంది. ఇందుకు ఒక చిన్న పరీక్ష ఉంది. న్యాయనిర్ణేతల ముఖాలు కనిపించే దృశ్యాలన్నీ తీసివేసినట్టు ఊహించి లఘునాటికను మళ్లీ చూడాలి. అప్పుడు నిలిచేది నటన, పడిపోయేది కూర్పు.

3. వేషం: నమ్మించడమా, గుర్తింపజేయడమా

కృష్ణ ఒడ్డున లంకలతో, పసుపు, అరటి, చెరకు తోటలతో ఉన్న తోట్లవల్లూరు నుంచి ఉయ్యూరు, పామర్రు మీదుగా వెళితే కూచిపూడి చేరువలోనే ఉంటుంది. కూచిపూడి అనగానే నాట్యం గుర్తుకు రావడం సహజం. కాని పగటివేషాలకు కూడా ఆ గ్రామం పేరుపొందింది. రాత్రి భాగవతం ఆడిన సంప్రదాయానికి చెందినవారే పగలు సోమయాజులు - సోమిదేవమ్మ, ఫకీరు, ఎరుకలసాని, అర్ధనారీశ్వరుడు వంటి వేషాలు కట్టి వీధుల్లో తిరిగేవారు. ఒకే ఊళ్లో కొన్నాళ్లు బసచేసి, రోజుకొక వేషం చూపి, చివరిరోజున అసలు రూపంతో ఇంటింటికీ వెళ్లి సంభావన స్వీకరించడం ఆచారం. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి 'తెలుగువారి జానపద కళారూపాలు' గ్రంథంలో పగటివేషధారుల కళకు సముచితమైన స్థానం ఇచ్చారు.

వారం వారం అదే బృందం అదే ప్రేక్షకుల ముందు కొత్త వేషంతో రావడం అనే లక్షణంలో టెలివిజన్ లఘునాటిక పగటివేషానికి దగ్గరి చుట్టం. కాని వేషం చేసే పనిలో రెండింటికీ మౌలికమైన భేదం ఉంది. పగటివేషం గొప్పతనం ముందు నమ్మించడంలో ఉంది. గడపలో నిలిచిన ఫకీరు నిజమైన ఫకీరే అనుకుని ఇంటివారు చేటలో బియ్యం తెచ్చినప్పుడు వేషం గెలిచినట్టు. నవ్వు ఆ తరువాత, మోసపోయామని తెలిసినప్పుడు పుడుతుంది. అంటే మొదట పాత్ర, తరువాత నటుడు.

టెలివిజన్‌లో ఈ క్రమం తిరగబడింది. గెటప్ ఎంత చిత్రంగా ఉన్నా, దాని వెనుక ఉన్నది ఫలానా నటుడని ప్రేక్షకుడికి మొదటి క్షణంలోనే తెలియాలి. తెలియకపోతే నవ్వు రాదు. అందుకే పాత్రలు తరచు నటుల సొంత పేర్లతోనే పిలవబడతాయి. ఒక నటుడి రూపం, మరొక నటుడి ప్రేమవ్యవహారమన్న కల్పన, ఇంకొకరి పారితోషికం గురించిన ఎత్తిపొడుపు ఇతివృత్తంలోకి చొరబడతాయి. పాత రోగి - వైద్యుడు సన్నివేశమే అయినా, వైద్యుడు వైద్యుడిగా రెండు నిమిషాలకు మించి నిలబడడు. మూడో నిమిషంలో అతడు మళ్లీ టీం లీడరే.

ఇందులో చమత్కారం లేదని కాదు. నటుడు పాత్రలోంచి బయటికి తొంగిచూడటం సంస్కృత ప్రహసనం నాటి నుంచీ ఉన్న యుక్తే. అయితే తొంగిచూడాలంటే ముందు లోపల ఉండాలి. పాత్ర కట్టకుండానే దాన్ని పగలగొట్టే లఘునాటికల్లో పగిలేది ఏమీ ఉండదు. చూస్తున్నవాడు గత వారాల సంగతులు తెలిసినవాడైతేనే నవ్వగలడు. తెలియనివాడికి అది ఇతరుల ఇంటి విందులో వినిపించే పాత ముచ్చట్ల వంటిది. ఒక భాగంలోని తీవ్రమైన పల్లాలు ఇక్కడే కనిపిస్తాయి.

4. పిట్టలదొర నుంచి బిల్డప్ బాబాయి వరకు

ఎత్తులకు ఉదాహరణ వెదికితే సుడిగాలి సుధీర్ బృందంలో గెటప్ శ్రీను ధరించిన 'బిల్డప్ బాబాయి' పాత్ర ముందుగా నిలుస్తుంది. లేని గొప్పలు చెప్పుకోవడమే జీవితంగా గల పెద్దమనిషి అతడు. పాత్రకు ఒక నడక ఉంది, ఒక గొంతు ఉంది, అన్నిటికీ మించి తన మాటలను తానే నమ్మే గాంభీర్యం ఉంది. ఎదుటివారు ఎంత వెటకారం చేసినా ఆ గాంభీర్యానికి బీట పడదు.

ఈ పాత్రకు తెలుగునేల మీద పాత వంశవృక్షం ఉంది. ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజాన కర్ర తుపాకి ధరించి ఊళ్లోకి వచ్చే పిట్టలదొర, అనగా తుపాకిరాముడు, గొప్పలకే పుట్టినవాడు. తనకు లెక్కలేనన్ని ఎకరాలున్నాయంటాడు, అధికారులందరూ తన చుట్టాలంటాడు, ఆఖరికి పిడికెడు గింజల కోసం చెయ్యి చాపుతాడు. పరాయి ప్రభుత్వపు దొరతనాన్ని దరిద్రుడి ఒంటిమీద వేలాడదీయడంలో ఆ వేషం వ్యంగ్యమంతా ఉంది. నవ్వు రెండు వైపులా తగులుతుంది. దొరకూ తగులుతుంది, దొరలా కనబడాలనుకునే మనిషికీ తగులుతుంది.

బిల్డప్ బాబాయి రెండో దెబ్బను నిలుపుకున్నాడు గాని మొదటిదాన్ని వదులుకున్నాడు. అతని గొప్పలు ఎక్కువగా సినిమా ప్రపంచం చుట్టూ, ప్రసిద్ధుల పరిచయాల చుట్టూ తిరుగుతాయి. అధికారం చుట్టూ తక్కువగా తిరుగుతాయి. ఇది ఆ నటుడి లోపం కన్నా వేదిక లోపమనడం న్యాయం. అయినా పాత్ర నిలబడింది. దీనికి కారణం నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో హాస్యరసానికి చెప్పిన విభావాల్లో దొరుకుతుంది. వికృత వేషం, వికృత అలంకారం, ధార్‌ష్ట్యం, లౌల్యం, కుహకం, అసత్ప్రలాపం, వ్యంగదర్శనం, దోషోదాహరణం అని భరతుడు వాటిని పేర్కొన్నాడు. బిల్డప్ బాబాయిలో ధార్‌ష్ట్యమూ అసత్ప్రలాపమూ ఒకదానినొకటి పోషించుకుంటాయి. మాట పాత్ర స్వభావం నుంచి వస్తుంది. అది మరొక నటుడి నోట పెడితే అతకదు. హాస్యం ఎత్తున ఉన్నదని చెప్పడానికి ఇంతకన్నా నమ్మదగిన గుర్తు లేదు.

5. పంచ్ ప్రాబల్యం

దీనికి భిన్నమైన మార్గం హైపర్ ఆది బృందంతో బలపడింది. సన్నివేశం సాకు మాత్రమే. ఎదుటి నటుడు అన్న ప్రతి మాటకూ ఒక ఎదురుమాట, దానిమీద మరొక ఎదురుమాట - వాటి వేగమే అక్కడ రచన. శ్లేష, పదాల విరుపు, సినిమా సంభాషణల అనుకరణ, సమకాలీన వార్త మీద విసురు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆటో రాంప్రసాద్ రచనలోనూ శ్లేషకు పెద్దపీట ఉంది, కాని అతడు శ్లేష నీరసంగా ఉన్నదన్న సంగతినే నవ్వుగా మార్చుకుంటాడు. బృందంలోని మిగతావారు విసుక్కోవడం ఆ హాస్యంలో సగభాగం.

తెలుగులో మాట విరుపు పట్ల మోజు కొత్తది కాదు. అవధానంలో అప్రస్తుత ప్రసంగం అనే అంశం పూర్తిగా ఎదురుమాట మీదే ఆధారపడి నిలుస్తుంది. పృచ్ఛకుడు ఎంత అసందర్భంగా అడిగితే అవధాని అంత సందర్భోచితంగా బదులివ్వాలి. అక్కడ ఎదురుమాట ఆశువు గనుక సాహసం ఉంది, తప్పిపోయే ప్రమాదం ఉంది. లఘునాటికలోని పంచ్ ముందే రాసుకున్నది. ఆ ప్రమాదం లేదు గనుక దాని స్థానంలో సంఖ్యను పెంచుతారు. పది పంచ్‌లలో ఏడు తప్పినా మూడు తగిలితే చాలునన్న లెక్క అది. చూస్తున్నంతసేపూ నవ్వు వస్తుంది. మర్నాడు ఇతివృత్తం ఏమిటో చెప్పమంటే చెప్పడం కష్టం. ఆ మూడు మాటలు మాత్రం వీధిలో, తరగతిగదిలో, ఫోను తెరమీద విడివిడిగా తిరుగుతాయి.

ఈ మార్గాన్ని పూర్తిగా కొట్టివేయడం తగదు. వేగానికి తనదైన కళ ఉంది. ఊపిరి పట్టు, విరామం, ఎదుటివాడి మాటకు తోవ ఇవ్వడం సాధన లేకుండా రావు. అయినా ఒక గంట ప్రసారంలో నాలుగైదు బృందాలూ ఇదే దారి పట్టినప్పుడు ఆ భాగమంతా సమతలమైపోతుంది. చమ్మక్ చంద్ర భార్యాభర్తల లఘునాటికలు, రాకెట్ రాఘవ కుటుంబ సన్నివేశాలు పంచ్ నాటికల మధ్య వచ్చినప్పుడు ఊరట కలిగించడానికి కారణం వాటిలో హాస్యం ఎక్కువగా ఉండటం కాదు, ఒక ఇల్లు, ఒక తగవు, ఆ తగవుకు ఒక కారణం ఉండటం.

6. స్త్రీవేషం

'జబర్దస్త్' మీద వచ్చిన విమర్శల్లో పురుషులు ధరించే స్త్రీపాత్రల గురించినవి ఎక్కువ. ఇక్కడ తొందరపాటు తీర్పు పనికిరాదు. పురుషుడు స్త్రీవేషం కట్టడమే దోషమైతే దిగువ కృష్ణా డెల్టా ప్రదర్శనకళల చరిత్రలో సగం దోషమే అవుతుంది. 2012లో కన్నుమూసిన వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా దేశమంతటా గౌరవం పొందారు. ఆ మరుసటి ఏడాదే 'జబర్దస్త్' మొదలైంది. ఒక సంప్రదాయం తెరదించిన చోట మరొకటి తెరలేపిందని అనుకోవడానికి వీలుగా ఉన్న యాదృచ్ఛికమిది.

రెండింటినీ ఎదురెదురుగా ఉంచితే భేదం వేషంలో కాక దృష్టిలో ఉన్నట్టు తెలుస్తుంది. భామాకలాపంలో హాస్యం సత్యభామ పురుషుడు కావడం వల్ల పుట్టదు. సూత్రధారుడే సత్యభామ ముందు మాధవిగా, కృష్ణుడి ముందు మాధవుడిగా మారతాడు. మాధవి భామ చేత పతి పేరు చెప్పించడానికి పడే అల్లరి, లేఖ తీసుకువెళ్లడానికి ముక్కెర అడిగే బేరం హాస్యానికి ఆకరాలు. ఆ అల్లరి వల్ల బయటపడేది భామ గర్వం, దాని అడుగున ఉన్న విరహం. కనుక నవ్వు పాత్రను తగ్గించదు, పాత్ర లోపలికి తీసుకువెళుతుంది. గొల్లకలాపంలో గొల్లభామ బ్రాహ్మణునితో వాదించి నెగ్గుతుంది. అక్కడ పురుషుడు ధరించినదైనా స్త్రీపాత్ర నోటికి తర్కం దొరికింది.

టెలివిజన్ లఘునాటికలో స్త్రీపాత్రకు తరచుగా దొరికేది ఆకలి, అసూయ, అనుమానం, అలంకారం మీద యావ. భార్య అయితే భర్తను కొడుతుంది, అత్త అయితే సాధిస్తుంది, పొరుగింటి స్త్రీ అయితే భర్త చూపును లాగుతుంది. వేషం వెనుక పురుషుడున్నాడని గుర్తుచేసే విసుర్లు పదే పదే పడతాయి. అంటే స్త్రీని చూసి ఒకసారి, స్త్రీగా కనిపించాలనుకునే పురుషుణ్ణి చూసి మరొకసారి నవ్వించాలన్న పథకం. ఈ రెండో నవ్వు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల మీద పడుతుందన్న ఆక్షేపణ సహేతుకమైనది. సుప్రీంకోర్టు 2014లో వారిని మూడో లింగవర్గంగా గుర్తించిన తరువాత కూడా లఘునాటికల్లో ఆ పాత్రలు చప్పట్లకూ వెకిలి చూపుకూ పరిమితం కావడం రచయితల సోమరితనానికి గుర్తు.

అయితే కూచిపూడి వైపు కూడా త్రాసు పూర్తిగా వంగదు. హర్షిత మృత్తింటి కామత్ 2019లో వెలువరించిన అధ్యయనంలో, కూచిపూడి గ్రామంలో స్త్రీవేషధారణ బ్రాహ్మణ పురుషుల అధికారానికి, ప్రతిష్ఠకు ఎలా ఆధారమయిందో వివరించారు. ఆ సంప్రదాయం నిజమైన స్త్రీలను చిరకాలం రంగస్థలానికి దూరంగానే ఉంచింది. 'జబర్దస్త్' స్త్రీవేషాలు కట్టే పేదయింటి కుర్రాళ్లకు అటువంటి ప్రతిష్ఠ లేదు. వారికి దక్కేది గుర్తింపు, దానితోపాటే వీధిలో ఎదురయ్యే ఎగతాళి. ఈ అసమానతను పక్కనపెట్టి ఒకదాన్ని కళ అని, మరొకదాన్ని వెకిలితనమని ముద్రవేయడం విమర్శ అనిపించుకోదు.

7. యాసకు నవ్వడం

భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు మాండలికాలను నాలుగు మండలాలుగా వింగడించారు. వాటిలో గోదావరి, కృష్ణా, గుంటూరు ప్రాంతాల మధ్యమండలం ఆధునిక ప్రమాణభాషకు పునాది అయింది. దీని పర్యవసానం హాస్య లఘునాటికలో స్పష్టంగా వినిపిస్తుంది. నాయకపాత్ర, తండ్రి, వైద్యుడు, న్యాయమూర్తి మధ్యమండలపు భాషకు దగ్గరగా మాట్లాడతారు. పనివాడు, తాగుబోతు, అమాయకుడు వచ్చేసరికి శ్రీకాకుళం పలుకుబడో తెలంగాణ పలుకుబడో వినబడుతుంది. తోట్లవల్లూరులోనో గుడివాడలోనో టీవీ ముందు కూర్చున్న ప్రేక్షకుడికి తన భాషే వెక్కిరింపుకు గురైందన్న అనుభవం దాదాపు ఎదురుకాదు. గోదావరి యాస నవ్వుకు వచ్చినా మర్యాద, వెటకారం కలగలిసిన ముద్దుతో వస్తుంది, చులకనతో కాదు. నవ్వడంలో ఉన్న ఈ సౌకర్యం అందరికీ సమానంగా పంచినది కాదన్న ఎరుక డెల్టా ప్రేక్షకుడికి అవసరం. భాషాసమూహాలను, ప్రాంతీయసమూహాలను చులకనగా చూపరాదని కేబుల్ టెలివిజన్ నిబంధనలు (1994) ఆరో నిబంధనలోనే చెబుతున్నాయి. నిబంధన ఉన్నది గాని యాస ఎక్కడ పాత్ర అవుతుందో, ఎక్కడ ఎగతాళి అవుతుందో అది తేల్చలేదు. ఆ పని విమర్శకుడిదే.

తేల్చడానికి ఒక దారి చూపినవాడు ఆ వేదిక మీది నటుడే. 'జబర్దస్త్' తొలి బృందనాయకుల్లో ఒకరైన వేణు యెల్దండి 2023లో 'బలగం' చిత్రానికి దర్శకత్వం వహించారు. తెలంగాణ పల్లెలో ఒక చావు చుట్టూ అల్లిన ఆ కథలో అంత్యక్రియలు, పిట్టకు పెట్టే ముద్ద, అలిగిన అల్లుడు అంతటా హాస్యం ఉంది. ఏ పలుకుబడిని చిన్నితెర పాత్రను చిన్నది చేయడానికి వాడుకుందో, అదే పలుకుబడి అక్కడ దుఃఖాన్ని మోసింది. అంటే లోపం మాండలికంలో లేదు, నటుడి శక్తిలోనూ లేదు. పావుగంటకు అటూ ఇటూగా ఉండే లఘునాటిక చట్రం మాండలికానికి ఒక్క పనే ఇచ్చింది.

8. ఎదురుగా లేనివాడు

భరతుడు చెప్పిన విభావాల్లో వ్యంగదర్శనం ఒకటని పైన చూశాం. అంగవైకల్యాన్ని చూసి నవ్వడమన్నమాట. హాస్యం ఎలా పుడుతుందో శాస్త్రం వర్ణించింది. వర్ణన విధి కాదు. అభినవగుప్తుడు హాస్యానికి మూలం అనౌచిత్యమన్నాడు. ఆ మాటను లఘునాటికలకు అన్వయిస్తే, ఎవరి అనౌచిత్యం అన్న ప్రశ్న మిగులుతుంది. పొట్టివాడు, లావుపాటి స్త్రీ, నత్తివాడు తమంతట తాము అనుచితంగా ఏమీ ప్రవర్తించలేదు. సుప్రీంకోర్టు 2024 జులైలో 'ఆంఖ్ మిచోలీ' చిత్రానికి సంబంధించిన తీర్పులో, వైకల్యాన్ని అర్థం చేసుకునేలా చేసే హాస్యం వేరు, వికలాంగులను కించపరిచే హాస్యం వేరు అని విభజన చేసింది. న్యాయస్థానం చెప్పకముందే సాహిత్య విమర్శ చెప్పవలసిన మాట అది.

కల్లుగీత వృత్తిలో ఉన్నవారిని కించపరిచారంటూ 2014లోను, అనాథలను అవమానించారంటూ 2017లోను 'జబర్దస్త్' లఘునాటికల మీద నిరసనలు వచ్చాయి. నటుల మీద దౌర్జన్యానికి దిగడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. నిరసన ఎందుకు అంత దూరం నుంచి, అంత ఆలస్యంగా వస్తున్నదో ఆలోచించాలి. పగటివేషధారి కోమటి వేషం కట్టినప్పుడు కోమటి అంగడి ముందే నిలబడేవాడు. ఎరుకలసాని వేషం కట్టినప్పుడు ఎరుకలవారు అదే వీధిలో ఉండేవారు. హద్దు మీరితే అక్కడికక్కడే అదిలించవచ్చు, చివరిరోజున సంభావన ఆపవచ్చు. పగటివేషంలో కులాల వెక్కిరింపు లేదని కాదు, బోలెడంత ఉంది. ఎరుకలవారి అదిలింపుకూ కోమటి అదిలింపుకూ ఒకే బరువు ఉండేదని చెప్పడం కూడా అమాయకత్వమే. కాని నవ్వుకు గురయ్యేవాడు ఎదురుగా ఉన్నాడన్న స్పృహ నటుడి నాలుకకు ఒక కట్టడి. టెలివిజన్ వేదిక ముందు కూర్చున్నది న్యాయనిర్ణేతలే. నవ్వుకు గురయ్యేవాడు ఆ గదిలో లేడు.

ఉండవలసిన మరొకరు కూడా ఆ గదిలో లేరు. వీరనరసింహరాయల ముందు కూచిపూడి భాగవతులు సమ్మెట గురవరాజు దౌష్ట్యాన్ని కేళికగా ఆడి చూపారని మాచుపల్లి కైఫీయతు చెబుతుంది. దాని చారిత్రక ప్రామాణ్యం చర్చనీయమే అయినా, హాస్యకాడు అధికారి తప్పును అధికారి పైవాడి ఎదుటే ఆడగలడన్న నమ్మకం ఆ కథలో ఉంది. బుర్రకథలో కథకుడికి ఒక పక్క హాస్యవంత, మరొక పక్క రాజకీయవంత నిలబడటంలోనూ ఇదే ఎరుక ఉంది. నవ్వుకూ రాజకీయానికీ మధ్య ఒక్క గుమ్మెట దూరం. కందుకూరి వీరేశలింగం 'వ్యవహార ధర్మబోధిని'లో న్యాయస్థానాల చుట్టూ అల్లుకున్న అవినీతిని ప్రహసనంగా మలిచాడు. 'జబర్దస్త్' లఘునాటికల్లో రిజిస్ట్రారు కచేరీ, ఇసుక రేవు, పంట కొనుగోలు కేంద్రం ఇతివృత్తాలుగా కనిపించడం బహు అరుదు. న్యాయనిర్ణేతలిద్దరూ వేర్వేరు రాజకీయపక్షాలకు చెందినవారై పక్కపక్కనే కూర్చుని నవ్విన సంవత్సరాల్లో సైతం ఆ వేదిక రాజకీయాన్ని ముట్టుకోవడానికి జంకింది. లోతైన హాస్యానికి అంతకన్నా సిద్ధంగా ఉన్న రంగసజ్జ మరొకటి దొరకదు.

9. తెర దించడం

లఘునాటికకు అన్నిటికన్నా కష్టమైనది ముగింపు. ప్రహసనం ముడి విప్పుతూ ముగుస్తుంది. 'భగవదజ్జుకం'లో సన్న్యాసి ప్రాణం వేశ్య శరీరంలోను, వేశ్య ప్రాణం సన్న్యాసి శరీరంలోను చేరిన తరువాత ఎవరిది వారికి చేరడమే ముగింపు. నవ్వంతా ఆ తారుమారులో ఉంది గనుక అది సర్దుకోగానే నాటకం ఆగిపోతుంది. 'జబర్దస్త్'లో ఎక్కువ లఘునాటికలు ముడి లేకుండా మొదలవుతాయి గనుక విప్పడానికి ఏమీ మిగలదు. అప్పుడు రెండు సులువైన దారులు తెరుచుకుంటాయి. ఒకటి, అందరూ కలిసి ఒకరిని కొట్టడమో, సినిమా పాటకు గంతులేయడమో. రెండోది, వెలుతురు తగ్గించి విషాద సంగీతం పెట్టి తల్లి గురించో, రైతు గురించో, సైనికుడి గురించో హితబోధ చేయడం. మొదటి దారి కనీసం నిజాయితీ గలది. రెండో దారిలో, అప్పటివరకు తండ్రిని వెధవను చేసి నవ్వించిన బృందమే తండ్రి విలువను చెప్పి కన్నీరు పెట్టిస్తుంది. న్యాయనిర్ణేతలు లేచి నిలబడతారు. పదికి పది వస్తుంది. నవ్వుకు క్షమాపణ చెప్పుకున్నట్టుండే ఆ కన్నీటికి అంతకుముందు పావుగంటతో సంబంధం ఉండదు.

ముగింపు కుదిరిన లఘునాటికలు తక్కువే అయినా లేకపోలేదు. అవి సాధారణంగా వేషం బలంగా కట్టినవే. గొప్పలు చెప్పుకునే పెద్దమనిషిని అందరూ కలిసి నిలదీసి అబద్ధాలన్నీ బయటపెట్టిన తరువాత కూడా, అతడు చొక్కా సర్దుకుని మరొక కొత్త గొప్ప మొదలుపెడుతూ వేదిక దిగిపోతే, అక్కడ సందేశమూ అక్కర్లేదు, పాటా అక్కర్లేదు. పిట్టలదొర కూడా గింజలు జోలెలో వేసుకుని, కర్ర తుపాకి భుజం మార్చుకుని, అదే దర్పంతో పక్కింటి గడప వైపు నడిచేవాడు.